విడాకులు పెరిగిపోయాయనే పెద్దమనుషులకు

"కలికాలమబ్బా. మా కాలంలో ఇట్లాంటివి ఉండెనా? ఆడపిల్లోళ్లకు సదువులొచ్చె, చేతికి ఫోన్లొచ్చె, కోర్టుకు దావ తెలిసె. ఇంగ కాపరాలు యాడ నిలబడతాయి?"

ప్రొద్దుటూరు కల్యాణమండపాల్లో రెండో బంతికి ఎదురుచూసే కుర్చీల్లో, పులివెందుల చీనీ కాయల బేరాల దగ్గర, జమ్మలమడుగు కోర్టు బయట టీ బంకు ముందర ఈ మాట ఎవరన్నా మిగతావాళ్లు తలలూపుతారు. ఎవరో ఒకరు బ్రహ్మంగారిని కూడా తెస్తారు. ఆయన మఠం ఉన్న కందిమల్లాయపల్లె మనకు దగ్గరే కాబట్టి కాబోలు, ఈ కడప జిల్లాలో పెద్దవాళ్లకు నచ్చనిది ఏది జరిగినా అది ఆయన కాలజ్ఞానంలో ముందే ఉన్నట్టు లెక్క.

ఈ అభిప్రాయం తప్పు. ఉత్త తప్పయితే వదిలేయొచ్చు, పెండ్లిపందిట్లో మాట్లాడుకునే వాటిలో సగం అట్లాంటివే. కానీ ఈ మాట చెప్పే ఏటా ఎంతమంది ఆడవాళ్లనో కొట్టే ఇంటికి వెనక్కి పంపుతున్నారు. అందుకే జవాబు చెప్పాలి.

"మా కాలంలో లేవు" అన్నప్పుడు ఎవరి కాలం, ఎవరి ఇల్లు అని అడగాలి. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో వేసిన ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల వివరాలున్నాయి. తెలుగు కులాల్లో చాలావాటి దగ్గర పెద్దల ముందు విడిపోవడం, ఆడమనిషి మళ్లీ పెండ్లి చేసుకోవడం ఊరి మామూలు పద్ధతిగా రాసి ఉంది. వాళ్లిద్దరి పుస్తకంలో తప్పులు లేవని నేననను. ఈ సంగతికి మాత్రం పుస్తకం అక్కరలేదు, మీ పల్లెలో ఎనబై దాటిన ముసలమ్మను మారుమనువు గురించి అడగండి, ఎవరెవరి ఇండ్లలో జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపితే పెద్ద గలాటా అయింది. ఆ గలాటా ఆడదాని రెండో పెండ్లిని నిషేధించుకున్న కొన్ని కులాలది. సేద్యగాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు, కూలీల్లో చాలామందికి ఏ సంస్కర్తా వచ్చి అనుమతి ఇవ్వాల్సిన పని లేకపోయింది.

తర్వాత ఏమైంది? నేను గమనించిన మేరకు, చెనిక్కాయలు రెండేండ్లు వరసగా పండి మిద్దె కట్టుకున్న ఇల్లు మొట్టమొదట మానుకున్నది మారుమనువునే. పరువు పెరిగిందని చూపించుకోవడానికి పైకులం నిషేధాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. రెండు తరాలు గడిచేసరికి అది అనాదిగా వస్తున్న సంప్రదాయం అయి కూర్చుంది. 1955లో హిందూ వివాహ చట్టం చేసినవాళ్లకు ఈ చరిత్ర తెలుసు. ఆ చట్టం 29వ సెక్షన్ రెండో ఉపసెక్షన్, ఆచారం ప్రకారం విడిపోయే హక్కు ఎవరికి ఉంటే దాన్ని ముట్టుకోబోమని చెబుతుంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలిసిన మన ఊరి సంగతి, మన ఊరి రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు మరిచిపోయారు.

ఇది పట్నం రోగమనీ, హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేరు ఉద్యోగాలతో వచ్చిందనీ ఇంకో మాట. 2011 జనాభా లెక్కలు తీసి చూడండి. దేశం మొత్తంలో విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు దాదాపు 13.6 లక్షలు. విడాకులు లేకుండా విడిగా బతుకుతున్నామని చెప్పినవాళ్లు వాళ్లకు సుమారు మూడింతలు. ఆ లెక్కలను పరిశీలించిన సూరజ్ జేకబ్, శ్రీపర్ణ చట్టోపాధ్యాయ 2016లో రాసిన వ్యాసంలో, విడాకుల రేటులో పల్లెకూ పట్నానికీ తేడా ఆశ్చర్యపోయేంత తక్కువని తేల్చారు. విడాకులైనవాళ్లలో, విడిగా ఉన్నవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్ల సంఖ్యే ఎక్కువ. ఎందుకంటారా? మగవాడు ఇంకో పెండ్లి చేసుకుని "పెండ్లయినవాళ్ల" వరసలోకి పోయి ఉంటాడు. ఆమె అక్కడే ఉండిపోతుంది.

నన్ను పట్టిపీడించేది ఈ మూడింతల మంది లెక్క. విడాకులు పెరిగాయని బాధపడేవాళ్లు ఎవరూ వీళ్ల గురించి మాట్లాడరు. వీళ్లు మన వీధిలోనే ఉన్నారు. "పుట్టింట్లో ఉంటాండాది" అంటాం, ఎన్నాళ్ల నుంచి అంటే "ఏడెనిమిదేండ్లాయ" అంటాం, అంతటితో వదిలేస్తాం. జమ్మలమడుగులో మగ్గం ముందర, పులివెందుల అరటి తోటల్లో కూలికి, ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడి చీరలు మడతపెడుతూ ఉంటుంది ఆమె. కాపురం లేదు, విడాకులూ లేవు. బియ్యం కార్డులో పేరు అత్తగారింటి కార్డులోనే ఉంటుంది. సచివాలయంలో అడిగితే విడదీయడానికి కాగితం ఏదైనా ఉందా అంటారు. ఒంటరి మహిళల పింఛను అని ఒకటుంది, 2024 జులై నుంచి నెలకు 4000 రూపాయలు. దానికీ వయసు నిబంధన, రుజువులు కావాలి. ఇంటిస్థలం వస్తే అది మొగుడి ఇంటి లెక్కలోకి పోతుంది. మొగుడు ఆ ఇంట్లో రెండో ఆమెతో ఉంటాడు.

కువైట్ పోదామనుకున్న ఆడవాళ్లను ఇంకో భయం పట్టుకునేది. పాస్‌పోర్టుకు మొగుడి పేరు, మొగుడి సంతకం కావాలని ఏజెంట్లు చెప్పేవాళ్లు. 2016 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చింది. విడిపోయినవాళ్లు, విడాకులైనవాళ్లు భార్య లేదా భర్త పేరు రాయనక్కర లేదు, విడాకుల డిక్రీ పెట్టనక్కర లేదు, పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. ఈ చిన్న మార్పు కడప జిల్లా ఆడవాళ్లకు చేసిన మేలు, నాకు తెలిసి, ఏ పెద్దమనిషి ఉపన్యాసమూ చెయ్యలేదు.

ఇక అసలు మందు అని వీళ్లు చెప్పే పెద్దమనుషుల పంచాయితీకి వస్తాను. వాళ్ల వాదంలో గట్టి భాగం ఇదే కాబట్టి దాన్ని దాచను. కోర్టులో ఏండ్లు పట్టేది పంచాయితీలో ఒక సాయంత్రంలో తేలుతుంది. వకీలు ఫీజు లేదు. పెట్టిన బంగారం అప్పటికప్పుడు తూకం వేయించి తిరిగి ఇప్పించిన పెద్దవాళ్లు ఉన్నారు. తాగి కొట్టే అల్లుణ్ణి నలుగురిలో నిలబెట్టి సిగ్గు తెప్పించినవాళ్లు ఉన్నారు. వాళ్లకు దండం పెడతాను.

అయినా పంచాయితీ ఎట్లా జరుగుతుందో చూసినవాళ్లెవరూ దాన్ని న్యాయం అనలేరు. మన ఊళ్లలో పెండ్లి సంబంధం రెండు ఇండ్ల మధ్య మాత్రమే ఉండదు, వెనకాల రెండు వర్గాలు ఉంటాయి. తీర్పు చెప్పే మనిషికి పిల్లోడి నాయనతో కాంట్రాక్టు పని ఉంటుంది, లేదా రేపటి ఎన్నికలో ఆ ఊరి ఓట్లతో పని ఉంటుంది. రెండు వైపులా బండ్లు ఆగుతాయి, కుర్చీలు వేస్తారు, మగవాళ్లు కూర్చుంటారు. ఎవరి కాపురం గురించి ఇదంతా జరుగుతోందో ఆ పిల్ల లోపలి గదిలో తలుపు సందులోంచి వింటుంది. చివర్లో పిలుస్తారు. "పాపా, మొగోడు అన్నంక కోపంలో ఒక దెబ్బ ఏస్తాడు. ఒక బిడ్డ పుడితే అంతా సర్దుకుంటాది. గమ్మున పో తల్లీ." ఆమె ఏం చెబుతుంది? నాయన ముఖం చూస్తుంది. నాయన నేల చూస్తాడు. పోతుంది.

ఆ "ఒక దెబ్బ" సంగతి కూడా లెక్కల్లో ఉంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూశామని చెప్పారు. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయింది. ఇంటర్ మధ్యలో ఆపించి పెండ్లి చేసిన పిల్లను "సర్దుకుపోవడం నేర్చుకోలేదు" అని నిందించడానికి మాత్రం ఆమె చదువుకున్న ఆడపిల్ల అవుతుంది.

పంచాయితీ విడదీసినప్పుడు ఇంకా పెద్ద మోసం జరుగుతుంది. వంద రూపాయల స్టాంపు కాగితం తెస్తారు. "ఈనాటి నుంచి మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, ఎవరి దావ వారిది" అని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించి, మడిచి బీరువాలో పెట్టుకోమంటారు. ఆ కాగితం విడాకులు కాదు. ఆచారం ప్రకారం విడిపోయామంటే, ఆ కులంలో ఆ ఆచారం పాతనుంచి ఉందని కోర్టులో చెప్పుకొని సాక్ష్యాలతో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో యమనాజీ జాదవ్ కేసులో చెప్పింది. మారుమనువును పరువు తక్కువని మానుకున్న ఇండ్లు ఇప్పుడు కోర్టుకు పోయి ఆ ఆచారం తమలో ఉందని ఎట్లా చూపిస్తాయి? ఆ కాగితం నమ్మి ఆమె ఇంకో పెండ్లి చేసుకుంటే ఆ పెండ్లి చెల్లదు. రెండో భర్త చనిపోతే ఆమె చట్టం దృష్టిలో భార్యగా నిలబడలేదు. పుట్టిన బిడ్డలను మాత్రం హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ కాపాడుతుంది. పదేండ్ల తర్వాత పింఛను కోసమో పొలం కోసమో ఎవరో ఆ కాగితాన్ని ఎత్తిచూపిన రోజున, దాన్ని రాయించిన పెద్దమనుషుల్లో ఒకరూ సాక్ష్యానికి రారు.

"కోర్టుకు పోతే కాపురం పోయినట్టే" అంటారు. కాపురం చెయ్యమని బలవంతం చేయడానికే కోర్టుకు పోయిన కథ మన కడపలోనే మొదలై దేశమంతా చదువుకునే కేసు అయింది. చాలామందికి తెలియదు. సినిమా నటి సరితకు 1975 డిసెంబరులో తిరుపతిలో పెండ్లయిందని చెబుతారు. అప్పటికి ఆమెకు పదహారేళ్లు, హైస్కూలు పిల్ల. వెంటనే విడిపోయారు. అయిదేండ్లకు పైగా ఎవరికి వారుగా బతికాక, భర్తనని చెప్పిన వ్యక్తి ఆమెను తనతో కాపురానికి పంపమని కడప సబ్‌కోర్టులో పిటిషన్ వేశాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద అట్లా అడగవచ్చు. కడప కోర్టుకు ఈ కేసు వినే అధికారమే లేదని ఆమె అభ్యంతరం చెప్పింది. అది హైకోర్టుకు పోయింది.

1983 జులై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్నే కొట్టేశారు. ఇష్టం లేని మనిషి పక్కన ఆడదాన్ని పడుకోబెట్టే అధికారం ప్రభుత్వానికి ఇవ్వడం ఆమె ఆత్మగౌరవానికీ ఏకాంత హక్కుకూ విరుద్ధమని, రాజ్యాంగం 14, 21 అధికరణాలు దానికి ఒప్పుకోవని ఆయన తీర్పు సారం. పైకి ఆడామగా ఇద్దరికీ ఒకేలా కనిపించే ఈ సెక్షన్ నడిచేది ఆడవాళ్ల మీదేనని, గర్భం మోయాల్సింది ఆమేనని కూడా ఆయన గుర్తించారు. ఆ తీర్పు దాదాపు పదమూడు నెలలు మాత్రమే నిలిచింది. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, 9వ సెక్షన్ బతికింది. 2017లో తొమ్మిది మంది జడ్జీలు ఏకాంత హక్కు ప్రాథమిక హక్కని తేల్చాక, 2019లో ఆ సెక్షన్‌ను మళ్లీ సవాలు చేశారు.

సరిత మీద పిటిషన్ వేసిన కాలంలో వాట్సాప్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు, కడపలో సాఫ్ట్‌వేరు లేదు. ఉన్నవి పదహారేళ్ల పిల్లకు జరిగిన ఒక పెండ్లి, వద్దన్న మాట. మన పక్కనే పుట్టిన ఈ తీర్పును మన బార్ అసోసియేషన్లు గోడ మీద రాసుకోవాల్సింది. అది వదిలేసి, "కాపురానికి రమ్మని" నోటీసు పంపడాన్ని భరణం ఎగ్గొట్టే ఉపాయంగా నేర్చుకున్నారు. భార్య భరణం అడగగానే ఈయన 9వ సెక్షన్ వేస్తాడు. "పిలిచినాం, ఆమె రాలేదు, ఇంగ దుడ్లు ఎందుకియ్యాల?" అంటాడు. ఆ తలుపు కూడా 2025 జనవరిలో మూసుకుంది. కాపురానికి రమ్మన్న డిక్రీ ఉన్నా, రాకపోవడానికి సరైన కారణం ఉంటే భార్యకు భరణం ఆపడానికి లేదని రీనా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తులు, ఆదాయం ఎంతో ఇద్దరూ అఫిడవిట్‌లో రాయాలని, పిటిషన్ వేసిన తేదీ నుంచే భరణం లెక్క కట్టాలని 2020లోనే రజనీష్, నేహా కేసులో చెప్పారు.

ఇప్పుడు 498ఎ, భార్యను హింసించే భర్త మీదా అతని బంధువుల మీదా పెట్టే క్రిమినల్ సెక్షన్. ఇది లేకుండా ఏ పెండ్లిపందిట్లో చర్చా ముగియదు. 2024 జులై నుంచి ఇది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది కానీ, ఊర్లో పాత పేరే నడుస్తోంది. "కేసు పెడితే తెల్లారేసరికి ముసిలి అత్తను కూడా లోపలేస్తారు" అంటారు. 2014లో అర్నేష్ కుమార్ కేసు తర్వాత అట్లా ఆలోచన లేకుండా అరెస్టు చేయడానికి లేదు, ముందు నోటీసు ఇవ్వాలి. ఇక దుర్వినియోగం. ఊరి నుంచి దూరంగా ఉన్న ఆడబిడ్డను, ఆమె మొగుణ్ణి, పెండ్లికి కూడా రాని మేనమామను ఫిర్యాదులో కలిపి రాయడం ఉంది. లేదని నేను అనను. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి పోయిన ఒక కేసును కొట్టేస్తూ సుప్రీంకోర్టు కూడా ఆ విషయం మీదే గట్టిగా హెచ్చరించింది.

ఎందుకు రాస్తారో మాత్రం ఎవరూ అడగరు. హిందూ వివాహ చట్టంలో ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప, ఎవరి తప్పో రుజువు చేయకుండా విడిపోవడానికి మామూలుగా దారి లేదు. పరస్పర సమ్మతి విడాకులు కూడా 1976 సవరణతోనే వచ్చాయి. ఒకరు ఒప్పుకోకపోతే క్రూరత్వమో, వ్యభిచారమో, వదిలేసి పోవడమో నిరూపించాలి. కలిసి బతకడం అసాధ్యమైపోయిన పెండ్లిని ఆ ఒక్క కారణంతోనే రద్దు చేయాలని లా కమిషన్ 1978లో చెప్పింది, 2009లో మళ్లీ చెప్పింది. ఆ మేరకు తెచ్చిన బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది మురిగిపోయింది. 2023లో శిల్పా శైలేష్ కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 142వ అధికరణం కింద తానైతే అట్లా రద్దు చేయగలనని చెప్పుకుంది. ఆ అధికారం ప్రొద్దుటూరు కోర్టుకు లేదు, కడప కోర్టుకు లేదు. మామూలు మనిషి ఢిల్లీ దాకా పోతాడా? పోలేడు కాబట్టి ఇక్కడే ఎదుటివాళ్లను లొంగదీసే ఆయుధం వెతుకుతాడు. మగవాడు 9వ సెక్షన్ వేస్తాడు, ఆడమనిషి వకీలు 498ఎ రాయిస్తాడు, ఇద్దరి వైపూ అబద్ధాలు పోగవుతాయి. విడిపోవడాన్ని ఇంత కష్టం చేసి పెట్టి, విడిపోయేవాళ్లు మురికిగా కొట్లాడుకుంటున్నారని ఏడవడం ఏం న్యాయం? అబద్ధపు కేసుల మీద నిజంగా కోపం ఉన్న మగవాళ్లందరూ సులువైన విడాకుల కోసం అడగాలి. నేను విన్నంతలో ఒక్కరూ అడగలేదు.

సమ్మతి ఉన్నచోట కూడా "పొద్దున అనుకుని సాయంత్రానికి విడాకులు" అన్నది వట్టి మాట. ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను మాత్రం పరిస్థితిని బట్టి తగ్గించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసు తర్వాతనే తేలింది.

ముస్లింల సంగతి వచ్చేసరికి ఇదే పెద్దమనుషులు గొంతు మారుస్తారు, వాళ్లకు మూడు మాటలతో అయిపోతుందని. ఒకే ఊపులో మూడుసార్లు చెప్పే తలాక్ 2017లో చెల్లకుండా పోయింది, 2019లో నేరమైంది. ప్రొద్దుటూరులో ఇంతమంది ముస్లిం ఆడవాళ్లున్నారు. భర్త ఒప్పుకోకపోయినా ఖులా, అంటే తానే విడాకులు, కోరే హక్కు భార్యకు పూర్తిగా ఉందని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పిన సంగతి, విడాకులైన ముస్లిం మహిళ కూడా మామూలు చట్టం కింద భరణం అడగవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి వాళ్లలో ఎంతమందికి చేరింది? జమ్మలమడుగు మిషన్ కాలం నుంచి ఉన్న క్రైస్తవ కుటుంబాల్లో, 2001 దాకా చట్టంలో రాసి ఉన్న ప్రకారం, భార్య విడాకులు కావాలంటే భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోయేది కాదు, దానికి క్రూరత్వం లాంటిది ఇంకోటి జోడించాల్సి వచ్చేది. భర్తకు మాత్రం వ్యభిచారం ఒక్కటే చాలు. అది 1869 నాటి చట్టం. అంతకాలం నడిచిన దాన్ని ఎవరూ కలికాలం అనలేదు.

ఇంతవరకూ అత్తగారింటి మీద రాశాను. ఆడపిల్ల పుట్టిల్లు ఇందులో నిర్దోషి అనుకుంటే తప్పు. నా దృష్టిలో పెద్ద దోషి అదే.

పెండ్లికి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పోతారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా ఇక్కడికే వస్తారు కదా, రెండో ముంబై అని ఊరికే పేరు రాలేదు. ఆ బంగారం ఎవరిది? స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని, మొగుడు, అత్తమామలు దాచిపెట్టేవాళ్లు మాత్రమేనని 1985లో ప్రతిభా రాణి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి పోయిన ఇంకో కేసు మన నాయనలందరూ చదవాలి. కూతురికి విడాకులై ఏండ్లు గడిచాక, ఆమె అడగకుండానే తండ్రి పాత వియ్యంకుల మీద స్త్రీధనం తిరిగివ్వలేదని కేసు పెట్టాడు. ఆమె బతికి ఉండి, తన నిర్ణయం తాను తీసుకోగలిగినప్పుడు తండ్రికి ఆ హక్కు లేదని కోర్టు కేసు కొట్టేసింది. పంచాయితీలో "మా బంగారం, మా కట్నం" అని నాయన అన్నప్పుడల్లా నాకు ఈ తీర్పు గుర్తొస్తుంది. తిరిగి వచ్చిన నగలు చెల్లెలి పెండ్లికి పోతాయి. ఆమె చేతికి చెవికమ్మలు మిగులుతాయి.

భూమి సంగతి ఇంకా ఘోరం. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన భాగం ఇచ్చింది. అప్పటికే పెండ్లయినవాళ్లకు మాత్రం లేదు. కేంద్రం 2005లో దేశమంతటికీ పెండ్లి నిబంధన లేకుండా ఇచ్చింది. 2020లో వినీతా శర్మ కేసుతో మిగిలిన అనుమానాలూ తీరాయి. చట్టం నలబై ఏండ్ల పాతది, పొలం మాత్రం అన్నదమ్ముల పేరు మీదే ఉంది. "ఇచ్చి పంపినాం కదా" అంటారు. ఏమి ఇచ్చారు? బంగారం, బైకు, బీరువా. అవి అత్తగారింట్లోనే ఉండిపోయాయి. భాగం వదులుకుంటున్నట్టు పెండ్లికి ముందే సంతకం తీసుకున్న ఇండ్లున్నాయి. కాపురం చెడి తిరిగొచ్చిన ఆడబిడ్డను చూసి వదినె ముఖం మాడ్చుకుంటుందని కథలు చెబుతాం. వదినె పాపం కాదది. ఆ ఇంట్లో ఆమెకు ఒక గది తనదని రాసి ఉంటే వదినె ముఖం చూడాల్సిన అవసరమే ఉండదు. కొట్టే మొగుడి దగ్గరికి మళ్లీ పోయే ఆడమనిషిని పతిభక్తి వెనక్కి పంపదు, పుట్టింట్లో తన పేరున ఏమీ లేకపోవడం పంపుతుంది.

విడిపోయిన మనిషికి ఏది ఉపయోగపడుతుందని నన్నడిగితే, ముందు నెల జీతం, తాళం వేసుకోగల గది చెబుతాను. ధైర్యం చెప్పే మాటలు వాటి తర్వాత. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవాధికార చట్టం చెబుతోంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. గృహహింస చట్టం 2005 కింద ఆమెను ఇంటి నుంచి వెళ్లగొట్టకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఇవి తెలిసిన తర్వాత రాత్రి నిద్ర పడుతుంది, నిద్ర పట్టాక మిగతావి మెల్లగా కుదురుకుంటాయి.

మగవాళ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి ఒక మాట. విడిపోయిన మగవాడికి మన ఊర్లో దొరికేవి రెండే, సారాయి సీసా లేదా రెండో సంబంధం. అన్నం వండుకోవడం రాదు. ఏడిస్తే "ఆడంగి" అంటారు. ఏడాది తిరక్కముందే తల్లి ఇంకో పిల్లను వెతుకుతుంది, మొదటి పెండ్లి ఎందుకు చెడిందో అతడు ఒక్క రోజు కూడా కూర్చుని ఆలోచించకుండానే. రెండో ఆమె ఆ ఆలోచించని మగవాడి దగ్గరికే వస్తుంది.

"మరి పిల్లల గతి?" ఇది చివరి అస్త్రం. పిల్లలు బాధపడతారు, నిజం. రోజూ రాత్రి అమ్మను కొట్టే చప్పుడు దుప్పటి కింద నుంచి వినే పిల్లలు బాధపడరా? విడిపోయిన తల్లిదండ్రులు పిల్లలను పాడుచేసేది విడిపోయినందుకు కాదు, వాళ్ల చేత రాయబారాలు మోయించినందుకు. "మీ నాయనను ఫీజు అడుగు", "మీ అమ్మ ఇంటికి ఎవరెవరు వస్తాన్నారో చెప్పు" అని. తాతలూ ఇందులో ఉన్నారు. 1890 నాటి సంరక్షకుల చట్టంలోనే పిల్లవాడి మేలు ముందు చూడాలని ఉంది. ఏ పంచాయితీలోనూ బిడ్డ ఎవరి దగ్గర ఎన్ని రోజులుండాలి, దసరాకు తొట్టి మెరవణి చూడడానికి ఎవరు తీసుకుపోవాలి, ఫీజు ఏ తేదీకి ఎవరు కట్టాలి అని రాయడం నేను వినలేదు. బంగారం మాత్రం గ్రాముల్లో రాస్తారు.

ఇంత చెప్పాక ఆఖరుకు అడిగే ప్రశ్న ఒకటుంటుంది, కొంచెం గొంతు తగ్గించి అడుగుతారు. "నీ కూతురికే ఇట్లయితే ఇదే మాట రాస్తావా అన్నా?"

రాస్తాను. ఆమె ఫోన్ చేసిన రాత్రే బండి తీస్తాను. ఆధార్, సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, నగల బిల్లులు, బిడ్డ పుట్టిన కాగితం తీసుకుని బయల్దేరమంటాను. ఇంటికొచ్చాక మూడు రోజులు ఎవరూ ఏమీ అడగొద్దని ఇంట్లోవాళ్లకు చెబుతాను. పొలంలో ఆమె భాగం ఎంతో, ఏ సర్వే నంబరులోనో ఆమె అడగకముందే చెబుతాను. పెద్దమనుషులను పిలుస్తానా? పిలుస్తాను. అత్తగారింటి నుంచి సామాన్లు తెచ్చుకునేటప్పుడు జాబితా మీద సాక్షి సంతకాలు కావాలి కదా.